నమూనా పేజీ మీద చివరి చెయ్యి

రెండువందల పన్నెండు టెస్టులూ పచ్చగానే ఉన్నాయి. నెవెంకాకు అదే మింగుడు పడలేదు.

సోమవారం పొద్దున సోంబోర్ ఊరి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఒక మందుల షాపులో ఎవరో పెద్దాయన రక్తం పలచబడే మాత్రలు తీసుకుంటూ, వాటితోపాటు కీళ్ళనొప్పుల మాత్రలు కూడా అడిగాడట. ఆ రెండూ కలిపి వాడకూడదు. అలాంటి జతను కంప్యూటర్లో ఎక్కించగానే తెర మీద ఎర్రడబ్బా ఒకటి వచ్చి ఆగమని హెచ్చరించాలి. ఆ పేజీ ఉన్నదే అందుకు. డబ్బా రాలేదు. కౌంటర్ వెనకున్నావిడ ముప్పై ఏళ్ళుగా మందులమ్ముతున్న మనిషి కాబట్టి తనే పట్టుకుంది. ఆవిడ చోట నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు గాని, అందరూ అదే అనుకున్నారు.

ఆ పేజీని తయారుచేసేది నోవి సాద్ నగరంలో, డాన్యూబ్ నది గట్టుకు రెండు వీధుల ఇవతల, మూడో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీ. పేజీ పని చూసేది ఇద్దరే, నెవెంకా, రేల్యా. ఇద్దరి మీదా పెద్ద దిక్కు జగోర్కా. యాభై ఏడేళ్ళ మనిషి. కిటికీ, తలుపు ఒకేసారి తెరిచి ఉంటే ఆ గాలి నడుముకు కొట్టి మనిషి మంచాన పడతాడని ఆవిడకు గట్టి నమ్మకం. ఆ రోజు కూడా ముందు కిటికీ మూసి, ఆ తర్వాతే నోరు తెరిచింది.

"కోడ్ చెడిందని నేనేమీ అనను. అది రోజూ చెడుతుంది, రోజూ బాగుచేసుకుంటాం. మందుల జాబితా పంపేవాళ్ళు వాళ్ళ పద్ధతి మార్చారు, మన పేజీకి అది బుర్రకెక్కలేదు. సరే. కానీ అది చెడిపోయి పదహారు రోజులైంది. పదహారు రోజులూ మీ టెస్టులు పూటకు ఐదుసార్లు నడిచాయి. ఒక్కటంటే ఒక్కటి ఎర్రబడిందా?"

"లేదండి," అంది నెవెంకా.

"ఎందుకు లేదు?"

జగోర్కా గోడ మీది క్యాలెండర్లో శుక్రవారం మీద వేలు పెట్టింది.

"శుక్రవారం పదకొండు దాటగానే ఆ షాపులవాళ్ళకు ఉత్తరం వెళ్ళాలి. ఏం జరిగిందో రాయాలి, ఎవరివల్ల జరిగిందో కూడా రాయాలి. పేరు కావాలని పట్టుబట్టి కూర్చున్నారు. ఆ ఉత్తరంలో పేరున్నవాళ్ళకు జూన్‌లో కాంట్రాక్టు పొడిగించడం నా చేతుల్లో ఉండదు. ముందే చెబుతున్నా, తర్వాత నన్ను ఆడిపోసుకోవద్దు."

రెండువందల పన్నెండు టెస్టులూ నెవెంకా రాసినవే. ఆ లెక్క ఆమె అడిగినవాళ్ళకూ చెప్పేది, అడగనివాళ్ళకూ చెప్పేది. ఇప్పుడు అదే మెడకు చుట్టుకుంది.

ఈ పనివాళ్ళ పద్ధతి తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. తెర మీద కనబడే పేజీని పరీక్షించాలంటే ప్రతిసారీ నిజం షాపూ, నిజం రోగీ దొరకరు. అందుకని పేజీకి ఒక నమూనా తయారుచేసి ఫైల్లో దాచుకుంటారు. టెస్టు మొదలవగానే ఆ నమూనాను లోడ్ చేస్తారు, దాని మీద కోడ్‌ను నడుపుతారు, రావలసింది వచ్చిందా అని చూస్తారు. వస్తే పచ్చ, రాకపోతే ఎరుపు. అయిపోగానే నమూనాను తుడిచేసి, తర్వాతి టెస్టుకు మళ్ళీ కొత్తగా లోడ్ చేస్తారు. టెస్టులను అందరూ చదువుతారు, కోడ్‌నూ చదువుతారు. నమూనాను మాత్రం ఎవరూ చదవరు. యంత్రం కక్కిన తొమ్మిదివందల వరసలు చదివే ఓపిక ఎవరికుంటుంది?

నెవెంకా ఆ సాయంత్రం తన టెస్టును అక్షరం అక్షరం చదివింది. ఎక్కడా వంక దొరకలేదు. నమూనా లోడ్ అవుతోంది, జంట మందులు ఎక్కుతున్నాయి, ఎర్రడబ్బా ఉందా అని అడుగుతోంది, ఉందని జవాబు వస్తోంది. నిజం పేజీలో లేని డబ్బా టెస్టులో ఎలా ఉంది? తన రాతలో తప్పు లేనప్పుడు ఎవరో వేలు పెట్టి ఉండాలి. ఆ మాట మనసులోకి వచ్చాక ఇంక బయటికి పోలేదు.

ఏ ఫైలును ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో చెప్పే చరిత్ర ఒకటి ఆ కంప్యూటర్లలో ఎప్పుడూ ఉంటుంది. నమూనా ఫైలు చరిత్ర తీసి చూసింది. చివరి చెయ్యి రేల్యాది. మార్చి పందొమ్మిది. మార్చిన వరసలు తొమ్మిదివందల పద్నాలుగు, అంటే ఫైలు మొత్తం.

రేల్యా ఆమెకు ఉత్త సహోద్యోగి కాడు, కూమ్. ఏడేళ్ళ కిందట ఆమె పెళ్ళిలో పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడి సాక్షి సంతకం పెట్టినవాడు. ఆ రోజు నుంచీ అతనికి ఆమె కూమా, ఆమెకు అతను కూమ్. తోడబుట్టినవాళ్ళతో ఏడాదిపాటు మాటల్లేకపోయినా అక్కడ ఎవరూ పట్టించుకోరు. కూమ్‌తో చెడితే మాత్రం ఆ ఇంటికి ఏదో పట్టిందని చెప్పుకుంటారు. అందుకని నెవెంకా ఆ రాత్రి భోజనాల దగ్గర భర్తతో విషయాన్ని తిన్నగా కదపకుండా డొంకతిరుగుడుగా మొదలుపెట్టింది.

"రేల్యా ఈమధ్య ఏదోలా లేడూ?"

వుకన్ మిరపకాయల్లో జున్ను కూరుతున్నవాడు తలెత్తాడు. "ఏదోలా అంటే?"

"ఏదో దాస్తున్నట్టు."

"వాడా? వాడి పుట్టినరోజు కానుక వాడికి కొనేలోపే అదేంటో మననుంచి లాగేస్తాడు, మనకు కొన్నది మనకు చెప్పేస్తాడు. వాడికి దాచడం కూడా వచ్చా?"

"మార్చిలో నా ఫైలు మొత్తం మార్చేశాడు. నాతో మాట మాత్రం అనలేదు."

"అడుగు మరి."

"అడిగితే జాగ్రత్తపడతాడు."

వుకన్ చేతులు తుడుచుకుని ఆమెకేసి చూశాడు. "జాగ్రత్తపడటమేంటే? వాడేమన్నా దొంగా? మన కూమ్."

"నువ్వెప్పుడూ వాడి వైపే."

"వాడి వైపు, మన వైపు అని రెండున్నాయా ఏంటి!" అన్నాడు వుకన్. నెవెంకా ఇంక పొడిగించలేదు. భర్త మంచివాడే, కానీ ఆఫీసులో ఏం జరుగుతుందో అతనికేం తెలుసు అనుకుంది.

మంగళవారం ఆమె ఎనిమిదింటికి వెళ్ళేసరికి రేల్యా అప్పటికే వచ్చి కూర్చున్నాడు. తొమ్మిదింటికి ముందు కళ్ళు తెరవని మనిషి! ఆమె అడుగుల చప్పుడు వినగానే ల్యాప్‌టాప్ మూత దించేశాడు.

"ఏంటి కూమ్, ఇంత పొద్దున్నే?"

"నిద్రపట్టలేదు." అంతే అన్నాడు. మామూలుగా అయితే ఎందుకు పట్టలేదో, పక్కింటి కుక్క ఏం చేసిందో అంతా చెప్పేవాడు.

పదింటికి ఇద్దరూ కలిసి ఎదురువీధిలోకి బూరెక్ అనే పొరల రొట్టె తినడానికి వెళ్ళడం అలవాటు. రేల్యా ఒక ముక్క తన ఆకలికీ, ఇంకో ముక్క వాసనకూ తినేవాడు. ఆ రోజు ఆకలి లేదన్నాడు. రేల్యాకు ఆకలి లేకపోవడం! నెవెంకా ఒక్కతే వెళ్ళి, నిలబడే తిని, పెరుగు గ్లాసు సగంలో వదిలేసి గబగబా వెనక్కి వచ్చింది. మూత మళ్ళీ దిగింది.

బుధవారం అతను జగోర్కా అద్దాల గదిలో అరగంటకు పైగా ఉన్నాడు. మాటలు వినబడలేదు. ఒకసారి జగోర్కా తల తిప్పి నెవెంకా బల్లవైపు చూసింది. రేల్యా చూడలేదు. అది ఇంకా అనుమానంగా తోచింది నెవెంకాకు. చూస్తే ఎందుకు చూశాడని అనుకునేది, చూడకపోతే ఎందుకు చూడలేదని అనుకుంది.

ఆ గదిలోంచి వచ్చి, కాఫీ గిన్నె పొంగకుండా కాస్తూ, అతను ఎటో చూస్తూ అడిగాడు. "కూమా, ఆ నమూనా పేజీ నువ్వు ఎప్పుడు తెచ్చిపెట్టావో గుర్తుందా?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఓహో, నా మీదకి తోద్దామనా!

"ఏం? దేనికి?"

"ఊరికే అడిగా."

"ఊరికే అడిగేవాళ్ళు ముందు అది చివరిసారి ఎవరు ముట్టుకున్నారో చూసుకోవాలి."

రేల్యా ఏదో అనబోయి ఆగాడు. కాఫీ పొంగి పొయ్యి మీద పడింది. గుడ్డ తెచ్చి తుడవసాగాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నెవెంకా ఆ చెవుల్ని కూడా మనసులో రాసుకుంది.

గురువారం ఆమె ఒక పని చేసింది. నిజానికి అది సోమవారమే చేయవలసిన పని. ఎర్రడబ్బాను తెప్పించే కోడ్‌ను మొత్తానికే తీసేసింది. ఒక్క వరస కూడా మిగల్చకుండా తీసేసి టెస్టులను నడిపింది. కోడే లేదు కాబట్టి డబ్బా రాకూడదు, టెస్టు ఎర్రబడాలి.

రెండువందల పన్నెండూ పచ్చ.

మళ్ళీ నడిపింది. మళ్ళీ పచ్చ. వంటే చేయని ఇంట్లో వడ్డన అయిపోతోంది. అప్పుడు, నాలుగు రోజుల్లో మొదటిసారి, నమూనా ఫైలు విప్పి పైనుంచి కిందకు వెతికింది. ఆరువందల పదకొండో వరసలో దొరికింది. 'ఆగండి! ఈ రెండు మందులూ కలిపి ఇవ్వకూడదు.' ఎర్రడబ్బా ముందే అక్కడ ఉంది, నమూనాలోనే. కోడ్ తేవలసిన పనే లేదు. టెస్టు వచ్చి డబ్బా ఉందా అంటుంది. ఎందుకుండదు, అది అక్కడే కాపురం ఉంటే!

నిజం చెప్పాలంటే నెవెంకాకు ఆ క్షణం సంతోషం కలిగింది. చిన్న సంతోషం కాదు, పెద్దదే. తప్పు తన టెస్టులది కాదు. నమూనాలో ఎవరో డబ్బా పెట్టారు. ఆ ఫైలు మీద చివరి చెయ్యి రేల్యాది. ఎందుకు పెట్టాడో కూడా ఆమెకు చటుక్కున అర్థమైపోయింది. మార్చి నెలాఖరుకు కొత్త పేజీ షాపులకు వెళ్ళాలి, టెస్టు ఏదో ఎర్రబడి ఉంటుంది, పచ్చ చేయడానికి ఈ అడ్డదారి తొక్కాడు. మూతలు దించడాలు, ఆకలి లేకపోవడాలు, అద్దాల గదిలో గుసగుసలు, అన్నీ ఒకదానికొకటి అతికిపోయాయి. తిన్నగా జగోర్కా గదికి వెళ్ళి తలుపు వేసింది.

జగోర్కా విన్నది. "ఎవరు పెట్టారు?"

"చివరిసారి ముట్టుకుంది రేల్యా. మార్చి పందొమ్మిదిన."

"ముట్టుకుంది ఎవరని అడగలేదు తల్లీ. పెట్టింది ఎవరని అడిగాను."

నెవెంకా ఒక్క క్షణం తటపటాయించింది. ఒక్క క్షణమే. "రేల్యాయే పెట్టాడు."

"నీ పెళ్ళికి నిలబడ్డవాడు కదా వాడు."

"అందుకే కదండీ ఇన్ని రోజులు ఆగాను."

జగోర్కా కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "బుధవారం వాడొచ్చి శుక్రవారం దాకా గడువిమ్మన్నాడు, తనే కనిపెట్టి చెబుతానన్నాడు. ఇప్పుడు నువ్వొచ్చి వాడి పేరు చెబుతున్నావు. సరే. రేపు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించు. డబ్బా లేని పాతదొకటి, వాడు డబ్బా పెట్టిన కొత్తదొకటి. కళ్ళారా చూడకుండా నేను ఎవరి పేరూ రాయను."

సాయంత్రం మెట్ల దగ్గర రేల్యా ఆమెకోసం నిలబడి ఉన్నాడు. కోటు బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు.

"కూమా, రేపు మీటింగ్‌కి ముందే నీతో ఒక మాట మాట్లాడాలి."

"ఏదున్నా రేపు అందరి ముందూ మాట్లాడుకుందాం."

"ఐదు నిమిషాలు చాలు."

"వుకన్ ఎదురుచూస్తుంటాడు," అని ఆమె దిగిపోయింది. వీధి మలుపు తిరిగే దాకా వెనక్కి చూడలేదు. చూడాలనిపించిందని తనకు తానే ఒప్పుకోలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి ఆమె రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టింది. ఎడమవైపు మార్చికి ముందున్నది, కుడివైపు రేల్యా చేతి కిందనుంచి వచ్చింది. తెర నిండా రంగులే. ఎడమవైపు తొమ్మిదివందల పద్నాలుగు వరసలూ ఎరుపు, కుడివైపు తొమ్మిదివందల పద్నాలుగూ పచ్చ. ప్రతి వరసా మారింది. ప్రతి వరసా ఎందుకు మారాలి? కాస్త పరికించి చూస్తే తెలిసింది. వరసల మొదట్లో ఉన్న ఖాళీలను అతను సరిచేశాడు, అంచులన్నీ ఒక తీరుగా వచ్చేట్టు. అక్షరం మారకపోయినా ఖాళీ జరిగితే యంత్రానికి అది మారినట్టే. ఖాళీలను లెక్క చేయకుండా చూపించమని ఒక మీట ఉంటుంది. నెవెంకా ఆ మీట నొక్కింది.

రంగులన్నీ పోయాయి. ఒక్క వరస మిగిలింది.

ఆరువందల పదకొండోది కాదు, పైనుంచి పన్నెండోది. పేజీ పైన మూల, లోపలికి వచ్చినవాళ్ళ పేరు కనిపించే చోటు. ఎడమవైపు 'నమస్కారం, నెవెంకా యోయిచ్' అని ఉంది. కుడివైపు 'నమస్కారం, పేరా పేరిచ్' అని ఉంది. పేరా పేరిచ్ అంటే ఎవరూ కాదు, నిజం పేరు రాయకూడదన్నచోట అందరూ రాసే పేరు. నమూనాల్లో బతికున్నవాళ్ళ పేర్లు ఉండకూడదని మార్చిలో జగోర్కానే ఉత్తర్వు వేసింది. ఆ పని రేల్యాకు అప్పజెప్పింది. నలభై ఫైళ్ళలో అతను చేసింది అదే.

ఎర్రడబ్బా రెండువైపులా ఉంది. ఎడమవైపూ ఉంది.

నెవెంకా ఇంకా వెనక్కి వెళ్ళింది. కిందటేడు, ఆ ముందటేడు. అన్నిట్లోనూ ఉంది. చిట్టచివరికి ఆ ఫైలు పుట్టిన రోజు వచ్చింది. మూడేళ్ళ కిందట, మే ఇరవై ఎనిమిది. తెచ్చిపెట్టినవారు నెవెంకా యోయిచ్.

అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడు సముద్రానికి ప్రయాణం, బల్ల కింద పెట్టె సర్ది ఉంది. నమూనా అంటే అన్నీ ఉన్న పేజీ కావాలనుకుంది. తన పేరుతో లోపలికి వెళ్ళి, పడని మందుల జత ఒకటి తన చేత్తో ఎక్కించి, పేజీ నిండుగా కనబడగానే ఉన్నదున్నట్టు దాచేసింది. నిండుగా కనబడిందంటే ఎర్రడబ్బా కూడా వచ్చి కూర్చుందన్నమాట. కోడ్ నడిచాక వచ్చే పేజీని, కోడ్ నడవకముందు ఉండాల్సిన చోట పెట్టింది. మూడేళ్ళుగా ఆ టెస్టు దేన్నీ పరీక్షించలేదు.

ఇంకొకరు చూసి సరే అంటేనే ఫైలు లోపలికి వెళుతుంది. దాని కింద ఆ సరే కూడా ఉంది. ఆమె పంపిన నిమిషానికే రేల్యా రాశాడు. 'కూమా తెచ్చాక మళ్ళీ చూసేదేముంది? కానీయ్. సముద్రానికి నా నమస్కారాలు చెప్పు.'

ఆమె చాలాసేపు అలాగే కూర్చుంది. సిగ్గుగా ఉంది, భయంగా ఉంది. జూన్ కళ్ళముందు నిలిచింది. ఆ భయంలోంచే ఒక ఆలోచన మెల్లగా వచ్చింది. మీటను వెనక్కి నొక్కితే చాలు. తెర మళ్ళీ ఎరుపూ పచ్చా అయిపోతుంది. జగోర్కా పాతకాలపు మనిషి, ఖాళీల సంగతి ఆవిడకు తెలియదు. ఇన్ని వరసలు ఎవరు మార్చారంటే రేల్యా అంటుంది తను. అది అబద్ధం కూడా కాదు.

మీట వెనక్కి నొక్కి, ల్యాప్‌టాప్ పట్టుకుని పదకొండింటికి గదిలోకి వెళ్ళింది.

రేల్యా అప్పటికే కూర్చుని ఉన్నాడు. జగోర్కా కిటికీ మూసింది, ఉత్తరం కాగితం ముందు పెట్టుకుంది. మధ్యలో ఖాళీ ఉంది, పేరు రాయడానికి.

"చూపించమ్మా."

నెవెంకా పెద్ద తెర మీద పెట్టింది. గోడ నిండా ఎరుపు, పచ్చ. జగోర్కా నోరు తెరిచింది.

"ఇదంతా వీడు మార్చిందేనా?"

అవును అంటే చాలు. ఒక్క మాట. నెవెంకా రేల్యాకేసి చూసింది. అతను తెర చూడటం లేదు, బల్ల చెక్కలో గీతను గోటితో గీరుతున్నాడు. అంచుల సంగతి అతనికి తెలుసు. ఒక్క మీటతో తన మాట తేల్చేయగలడు. నోరు విప్పలేదు. అది చూసి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"మార్చింది తనే, కానీ ఇదంతా కాదు," అంది. మీట నొక్కింది. ఒక్క వరస మిగిలింది. తన పేరు, దాని పక్కన పేరా పేరిచ్.

జగోర్కా కళ్ళద్దాలు సర్దుకుంది. "డబ్బా ఏదీ?"

"డబ్బా మొదటినుంచీ ఉందండి. ఈ పేజీ నాది. మూడేళ్ళ కిందట డబ్బాతో సహా నేనే తెచ్చిపెట్టాను. రేల్యా నా పేరు తీశాడు, అంతే. అదీ మీరు తీయమంటేనే."

రేల్యా గోరు ఆగింది.

"కిందకి జరుపు కూమా," అన్నాడు. "సరే అన్నది ఎవరో కూడా చూపించు."

ఆమె జరిపింది. జగోర్కా పైకే చదివింది, సముద్రానికి నమస్కారాల దాకా. "ఇది నీకు ఎప్పటినుంచి తెలుసురా?"

"మంగళవారం నుంచి."

"తెలిసీ దిష్టిబొమ్మలా నాలుగు రోజులు కూర్చున్నావా!"

"మొదటిరోజు తన కోసం దాచాను. ఆ తర్వాత దీన్ని చూశాక," అంటూ అతను తెరమీది తన మాటలకేసి గడ్డం ఎత్తాడు, "నా కోసం దాచాను. నిన్న తనతో చెప్పేద్దామని మెట్ల దగ్గర ఆగాను. తనకు తీరిక లేకపోయింది."

నెవెంకాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంత చెప్పాక మిగిలింది దాచడం ఎందుకనిపించింది.

"నిన్న ఆవిడకి నీ పేరు చెప్పాను, రేల్యా. డబ్బా నువ్వే పెట్టావని చెప్పాను."

జగోర్కా కాగితం కేసి చూస్తూ ఉండిపోయింది. రేల్యా మాత్రం నెమ్మదిగా తలెత్తి నెవెంకాను చూశాడు. కోపంగా చూసి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది.

"పాత పేజీ విప్పి చూసి చెప్పావా? విప్పకుండానే చెప్పావా?"

"విప్పకుండానే."

"ఊఁ," అన్నాడు. "నేనూ అంతే, విప్పకుండానే సరే అన్నాను. రాయండి జగోర్కా గారూ. నా పేరు కూడా రాయండి."

జగోర్కా రాసింది. నెవెంకా యోయిచ్ అని రాసి, కామా పెట్టి, రేల్యా పేరు రాసింది. కలం మూత పెట్టి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఒక్క పేరైతే జూన్‌లో పంపేయక తప్పేది కాదు. ఇద్దర్నీ పంపిస్తే ఈ పేజీని ఎవరు చూస్తారు, మా అత్తగారా? ఆ మాట పైవాళ్ళకు నేనే చెప్పుకుంటాను. పొండి. ఇంకో పేజీ రాసుకోండి. ఈసారి ఒకరిది ఒకరు చదవండి, చదవకుండా ముద్దు చేసుకోకండి."

మధ్యాహ్నం నెవెంకా కొత్త నమూనాను తన చేత్తో రాసింది. నడుస్తున్న పేజీని ఉన్నదున్నట్టు దాచి తేలేదు. ఇరవై రెండు వరసలు. డబ్బా లేదు, ఎవరి పేరూ లేదు. బాగుచేసిన కోడ్‌తో టెస్టు నడిపి రేల్యాకు పంపింది. రెండు బల్లల అవతలే కూర్చున్నాడు. నిమిషం గడిచింది. పది నిమిషాలు గడిచాయి. ఆమె చూడనట్టు చూస్తూనే ఉంది. మూత తెరిచే ఉంది, అతను వేలు పెట్టి ఒక్కో వరసా చదువుతున్నాడు. నలభై నిమిషాలకు ఏడు ప్రశ్నలు వచ్చాయి. ఏడిటికీ జవాబు రాసింది. ఆ తర్వాత అతను కుర్చీ లాక్కుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇది ఎర్రబడగా చూశావా?"

"చూశాను."

"నాకు చూపించు."

ఆమె డబ్బా కోడ్ తీసేసి నడిపింది. ఎరుపు. కోడ్ మళ్ళీ పెట్టింది. పచ్చ.

"మళ్ళీ తియ్యి."

తీసింది. ఎరుపు. పెట్టింది. పచ్చ. అతను తెరవైపే చూస్తున్నాడు. బూరెక్ గురించి గాని, కుక్క గురించి గాని ఒక్క మాటా లేదు.

"నా మీద నమ్మకం పోయిందా, కూమ్?" అని అడిగేసింది చివరికి.

"నమ్మకం ఉండబట్టే కదా ఆ రోజు విప్పలేదు," అన్నాడు రేల్యా. "తియ్యి. ఇంకోసారి."

నెవెంకా తీసింది.